ఆరు కిలోల సెలవు

అతను పోయాడని ఫోన్లో చెప్పినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఒకటే. ఇందులో కూడా నాకంటే ముందే వెళ్ళాడు. ఆ తర్వాత వచ్చింది ఇంకా చెడ్డది. ఎలా పోయాడని అడిగితే, మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదన్నారు. బతికినన్నాళ్ళూ నిద్ర గురించి ఊరందరికీ పాఠాలు చెప్పినవాడికి చావు కూడా నిద్రలోనే వచ్చింది. నొప్పి లేదు, ఆసుపత్రి లేదు. నేను ఇరవై ఆరేళ్ళుగా నడుముకు బెల్టు కట్టుకుని, ఎటు తిరిగి పడుకోవాలో తెలియక మంచం మీద దొర్లుతున్నాను. కబురు విన్నాక నాకు ఏడుపు రాలేదు. కడుపు మండింది.

పేరు రాయను. పేరు రాసి అతన్ని ఇంకాస్త పెద్దవాణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు. అతను అందరినీ బావా అనేవాడు. ఆటో తోలేవాణ్ణి, కూరలమ్మేవాణ్ణి, షిఫ్టు ఇంచార్జిని, నన్ను. మేమూ తిరిగి బావా అనే పిలిచేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు పెద్ద, రెండంగుళాలు పొట్టి. చూస్తే బరువులెత్తేవాడని ఎవరూ అనుకోరు. సాక్చి బజారులో బట్టల కొట్లో గజాలు కొలిచే మనిషనుకుంటారు. నేను అలా కాదు. నేను నడిచొస్తుంటే జనం పక్కకి జరిగేవాళ్ళు. మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు గెలుస్తారని అడిగితే చిన్నపిల్ల కూడా నన్నే చూపించేది.

మా వ్యాయామశాల మా బస్తీ సీతారాండేరాలో ఒక రేకుల షెడ్డు. దాన్ని నడిపేది ఉక్కు కంపెనీలో రిటైరైన ఒక తెలుగు ఫోర్‌మన్. అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతల కాలంలో ఇనుము పనికి ఈ హిందీ ఊరికి వచ్చిన కుటుంబాల కుర్రాళ్ళమే అక్కడ ఎక్కువ. అతనూ నేనూ ఇద్దరం కాంట్రాక్టు పని వాళ్ళమే. ఒకే కాంట్రాక్టరు కింద, ఒకే గేటు పాసు. పొద్దున షిఫ్టులో గొలుసులు తగిలించి క్రేనుకు సరుకు ఎక్కించడం, సాయంత్రం షెడ్డులో బరువులెత్తడం. ఇద్దరిదీ ఒకే బరువు తరగతి. దేవుడు నాకు చేసిన అన్యాయం అక్కడ మొదలైంది.

నేను షెడ్డులోకి వస్తే ఇనుము మోగేది. బారు లేపడం, పడేయడం, మళ్ళీ లేపడం. చొక్కా పిండితే నీళ్ళు కారేదాకా వదిలేవాణ్ణి కాదు. అతను వస్తే చప్పుడే ఉండేది కాదు. షెడ్డు మూలలో రెండు ఇనుప స్తంభాల మధ్య మూడు కడ్డీలు వెల్డింగ్ చేయించుకున్నాడు. మోకాళ్ళ ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి, తల మీద ఒకటి. అవి కదలవు. ఏనుగొచ్చి లాగినా కదలవు. అతను వాటిలో ఒక కడ్డీ పట్టుకుని, బరువెత్తే భంగిమలో నిలబడి, ఉన్న బలమంతా పెట్టి లాగేవాడు. ఆరు అంకెలు లెక్కపెట్టి వదిలేసేవాడు. ముఖం ఎర్రబడేది, పిక్కలు వణికేవి, కడ్డీ మాత్రం ఉన్నచోటే ఉండేది. తర్వాత బెంచీ మీద కూర్చుని జేబులోంచి వేయించిన సెనగలు తీసి నమిలేవాడు. అలా ఐదారుసార్లు. తర్వాత కాసేపు అసలు బారు ఎత్తి, ఇంటికి పోయేవాడు.

మొదట్లో అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

"కదలనిదాన్ని లాగుతావేటి బావా?" అని అడిగాను ఒకరోజు.

"బారు లేపినప్పుడు నీకు ఎక్కడ ఆగిపోతాది?" అన్నాడు.

"మోకాలు దాటాక."

"నాకూ అక్కడే. ఊపు మీద ఎత్తితే ఆ సోటు తెలీకుండా దాటెల్లిపోతాం. ఇక్కడైతే దాటడానికి లేదు గదా. అక్కడే నిలబడి లాగాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు బావా, కళ్ళు తిరుగుతాయి."

ఆ నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి మోకాలు దాటాక అతని బారు ఆగడం మానేసింది. నాది ఆగుతూనే ఉంది. "ఆడ్ని సూసి నేర్సుకోరా" అన్నాడు ఉస్తాద్ నాతో. ఆ మాట ఆ ఏడాది ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. సొంత తండ్రి తిట్టినా అంత గుచ్చుకోలేదు.

అతనికి ఈ పిచ్చి షెడ్డులోనే కాదు. సాక్చి నుంచి షేర్ ఆటోలో వస్తుంటే ముందు సీటు కమ్మీకి పాదం ఆనించి తన్నిపెట్టేవాడు. "ఓ భాయ్, గాడీ తోడోగే క్యా?" అని, బండి విరగ్గొడతావా అన్నట్టు, ఆటోవాడు వెనక్కి తిరిగి అరిస్తే, "నహీ బావా, ఆప్‌కీ గాడీ మజ్‌బూత్ హై" అని, మీ బండి గట్టిదేలే అనేవాడు. గేటు దగ్గర పాసు లైన్లో నిలబడి రెండు అరచేతులూ ఒకదానికొకటి నొక్కుకునేవాడు. దణ్ణం పెడుతున్నాడనుకుని ఒకసారి సెక్యూరిటీ అతను తిరిగి దణ్ణం పెట్టాడు. మా మేనమామ కూతురి పెళ్ళిలో గుమ్మం రెండు వైపులా చేతులానించి నెడుతూ నిలబడితే, లోపలికి వెళ్ళాల్సిన ఆడవాళ్ళంతా పళ్ళేలతో బయటే ఆగిపోయారు. ఎవరూ కోప్పడలేదు. అదే నేను దారికి అడ్డంగా నిలబడి ఉంటే మా అత్త నలుగురిలో కడిగిపారేసేది.

అతని దగ్గర ఇంకొక వస్తువు ఉండేది. బస్తాలు తూచే స్ప్రింగు కాటా, గడియారంలా ముల్లు తిరిగేది. సాక్చిలో ఒక ఉల్లిపాయల గొడౌన్‌లో పక్కన పడేస్తే తెచ్చుకున్నాడు. దాన్ని నేలలో పాతిన కొక్కేనికి గొలుసుతో కట్టి, పైన చెక్క పిడి తగిలించాడు. రోజూ షెడ్డుకి రాగానే చెప్పులు విడిచి, కుడిచేత్తో ఆ పిడిని ఒక్కసారి పైకి లాగేవాడు. ముల్లు నూట పది కిలోల దగ్గర ఆగితే ఆ రోజు పని చేసేవాడు. నూట ఐదుకు దిగితే ఇంకేమీ ముట్టుకోడు. మళ్ళీ చెప్పులేసుకుని, "ఇయ్యాల ఒల్లు అలిసుంది బావా, ఎల్తన్నా" అని చెప్పి పోయేవాడు. సిగ్గు లేదు. ఉస్తాద్ ముందే, అందరి ముందే.

అలా ఇంటికి పోయేవాణ్ణి చూస్తే నాకు పిచ్చి కోపం వచ్చేది. నేను జ్వరంలో కూడా షెడ్డుకి వచ్చినవాణ్ణి. కష్టపడేవాడికి ఫలితం రావాలి కదా. సెనగలు నములుతూ, వారానికి రెండు రోజులు ఇంట్లో పడుకునేవాడికి రావడమేమిటి? ఈ ప్రశ్నకి నాకు ఇప్పుడు జవాబు తెలుసు, ఇప్పటికీ నచ్చదు.

ఆ ఏడాదే కంపెనీ క్రీడల కోటాలో మా తరగతికి ఒక్క ఉద్యోగం వచ్చింది. సెలక్షన్లో ఎక్కువ ఎత్తినవాడు పర్మనెంటు. ఆ మాట మా బస్తీలో ఎంత బరువైనదో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. పర్మనెంటంటే క్వార్టరు, ఆసుపత్రి, పిల్లనిచ్చేవాళ్ళు. కాంట్రాక్టంటే రేపు గేటు దగ్గర పాసు మళ్ళీ ఇస్తారో లేదో తెలియకపోవడం. మా నాన్న పాసు మీదే బతికి పాసు మీదే పోయాడు. ఆ ఒక్క చోటులో నేను కూర్చోవాలి. కూర్చోవడానికి అడ్డం అతనొక్కడే.

అందుకని రెండు పూటలా ఎత్తడం మొదలుపెట్టాను. షిఫ్టుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. పది రోజులయ్యేసరికి అన్నం సహించడం మానేసింది. పడుకుంటే గుండె చప్పుడు చెవుల్లో వినిపించేది. ఇంట్లో అమ్మ ఏమడిగినా కసురుకునేవాణ్ణి. నిరుడు ఆడుకుంటూ ఎత్తిన బరువు ఇప్పుడు కిందే ఉండిపోతోంది. అంటే ఇంకా ఎక్కువ చేయాలనుకున్నాను. ఎవరూ లేనప్పుడు అతని కాటా కూడా లాగి చూశాను. మొదటి రోజు నూట పద్దెనిమిది. అతనికంటే ఎనిమిది ఎక్కువ. నాలుగు రోజుల తర్వాత నూట పన్నెండు. ఇంకో మూడు రోజులకి నూట నాలుగు. ఈ కాటా అబద్ధం చెబుతోందని నిర్ణయించుకున్నాను.

అతను ఒకరోజు నా టీ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"సెయ్యి వొణుకుతంది బావా."

"టీ వేడిగా ఉంది."

"అలిసిపోయేవు. నాల్రోజులు ఇంటికాడ పడుకో. నేను సెప్పకూడదు గాని, నిజం. అలిసినప్పుడు ఎత్తినదేదీ ఒంటికి పట్టదు."

"నేను పడుకుంటే నీకు బాగుంటాది. అంతే గదా?"

అతను లేచాడు. జేబులోంచి పిడికెడు సెనగలు తీసి నా పక్కన బెంచీ మీద పోసి వెళ్ళిపోయాడు. నేను వాటిని కింద పారబోశాను. పోటీదారుకి మంచి సలహా ఇచ్చేటంత ధైర్యం అతనికి ఎక్కడిది? ఆ ధైర్యం చూసే నాకు ఎక్కువ మండింది.

సెలక్షన్‌కి ఇంకా పదిరోజులుంది. మధ్యాహ్నం షెడ్డులో అతనూ నేనూ తప్ప ఎవరూ లేరు. అతను ఎప్పటిలాగే బెంచీ మీద పడుకుని గురకపెడుతున్నాడు. ఆ కాటాకి వెనక ముల్లుని సరిచేసే ఒక మర ఉంది. స్క్రూడ్రైవర్ తెచ్చి దాన్ని తిప్పాను. ఎంత బరువు తగిలించినా ఆరు కిలోలు తక్కువ చూపించేలా తిప్పాను. సున్నా దగ్గర ముల్లుకి ఒక చిన్న అడ్డు ఉండేది కాబట్టి, ఖాళీ కాటా చూసినవాడికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. రేపటి నుంచి వీడు లాగుతాడు, నూట నాలుగు వస్తుంది, చెప్పులేసుకుని ఇంటికి పోతాడు. పదిరోజులు పడుకుంటాడు. నేను పదిరోజులు ఎత్తుతాను. బరువులెత్తనివాడు గెలుస్తాడా? నా లెక్క నాకు తప్పులేకుండా కనిపించింది.

అనుకున్నట్టే జరిగింది. మర్నాడు ముల్లు నూట నాలుగు చూపించింది. అతను కాసేపు కాటా వైపు చూశాడు. ఇరవై కిలోల ప్లేటు ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టాడు. నేను బారు దగ్గరకి తిరిగిపోయాను. మళ్ళీ చూసేసరికి చెప్పులేసుకుంటున్నాడు. "ఎల్తన్నా బావా" అన్నాడు. ఆ పదిరోజుల్లో మూడుసార్లే వచ్చాడు. వచ్చినప్పుడు కూడా కదలని కడ్డీని రెండుసార్లు లాగి పోయాడు. ఉస్తాద్ కంగారుపడ్డాడు. నేను రోజుకి మూడుసార్లు ఎత్తడం మొదలుపెట్టాను.

సెలక్షన్ రోజు అతను ఆరు ఎత్తులూ తప్పు లేకుండా ఎత్తాడు. అంతకుముందు షెడ్డులో ఎప్పుడూ ఎత్తని బరువు ఆఖరున ఎత్తాడు. పదిరోజులు నిద్రపోయి వచ్చినవాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం. నేను రెండో ఎత్తులో బారు మోకాలు దాటించాను. నడుములో ఏదో తెగినట్టయింది. బారు నా ముందు పడింది, నేను దాని మీద పడ్డాను. నన్ను ఎత్తి ఆటోలో వేసిందీ అతనే. ఆసుపత్రిలో నా మంచం ఇనుప పట్టీని రెండు చేతులా పట్టుకుని నొక్కుతూ, "ఊపిరి బిగబట్టకు బావా, ఒదులు" అంటూ కూర్చున్నాడు. పర్మనెంటు ఉద్యోగం వచ్చిన మొదటి రోజు అతను అలా గడిపాడు. నేను గోడ వైపు తిరిగిపోయాను.

ఆ తర్వాతది చెప్పడానికి పెద్దగా లేదు. అతను బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నేను కాంట్రాక్టులోనే ఉండిపోయాను. గొలుసులు తగిలించే పని నా నడుము చేయనివ్వలేదు కాబట్టి ఇప్పుడు అవి తగిలించేవాళ్ళ మీద కేకలేసే పని చేస్తున్నాను. పెళ్ళిళ్ళలో కనిపిస్తే నేను వంటల వైపు తప్పుకునేవాణ్ణి. అతను వెతుక్కుంటూ వచ్చేవాడు. "నడుం ఎలగుంది బావా?" అని ప్రతిసారీ అదే ప్రశ్న. పుండు మీద కారం చల్లుతున్నాడనుకునేవాణ్ణి. అతని జుట్టు నెరవలేదని, పొట్ట రాలేదని, భోజనాల బంతిలో కింద కూర్చుని చేతులానించకుండా లేస్తున్నాడని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పేవాణ్ణి. "మీ కన్ను ఆయన మీద పడిందండీ" అనేది.

మొన్నామధ్య మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవడో ఒకడు తలుపు చట్రంలో నిలబడి నెడుతున్నాడు. "పాపా, దేఖియే, నయా టెక్నిక్ హై. ఐసోమెట్రిక్ బోల్తే హై. ఆప్‌కీ కమర్ కే లియే అచ్ఛా హోగా" అంది, కొత్త పద్ధతి, నా నడుముకి మంచిదని. అది కొత్తదేమీ కాదు, బిర్సానగర్‌లో ఒకడు పాతికేళ్ళుగా చేస్తున్నాడు అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే ఆ పిల్ల కూడా అతన్ని మెచ్చుకుంటుంది. తర్వాత నెలలోనే అతను పోయాడు.

దినం నాడు వెళ్ళలేదు. నలుగురూ చేరి అతని మంచితనం చెబుతుంటే వినే ఓపిక లేదు. మర్నాడు ఉదయం వెళ్ళాను. అతన్ని బావా అంటాను కాబట్టి అతని భార్య నాకు చెల్లెమ్మ. ఆమె టీ పెట్టి తెచ్చింది. పెరట్లో మెట్ల కింద, నేలలో పాతిన కొక్కేనికి అదే కాటా కట్టి ఉంది. గొలుసు కొత్తది, చెక్క పిడి అరిగి నున్నగా ఉంది.

"పోయిన రోజు పొద్దున్న కూడా లాగేరన్నయ్యా" అంది. "డ్యూటీకెళ్ళే ముందు రోజూ లాగడమే. ముల్లు తక్కువొచ్చిందంటే సెలవు పెట్టి పడుకునేవోరు. ఆ రోజూ అలగే పడుకున్నారు."

నేను కాటా వెనక్కి చూశాను. ఆ మర మీద ఎర్ర పెయింటు గట్టిగా పూసి ఉంది. పెయింటు పాతబడి పెచ్చులు కట్టింది కానీ మర గాడిలోకి స్క్రూడ్రైవర్ దూరకుండా నిండి ఉంది.

"ఆ రంగు ఆయనే ఏసేరు" అంది ఆమె. "నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు దీంతో బియ్యం బస్తా తూసేను. ఆరు కిలోలు తక్కువ సూపించింది. సాక్చి తీసుకెల్లి బాగుసేయించండీ అంటే ఒద్దన్నారు. అది మా బావ ఇచ్చిన సెలవే, ఉండనీ అన్నారు. ఏ బావ అంటే నవ్వేవోరు. మీ బావకి ఊరందరూ బావలే గదా, ఎవర్ననుకోను? మీకేటైనా తెలుసా అన్నయ్యా?"

తెలియదంటే అయిపోయేది. ఇరవై ఆరేళ్ళు దాచినవాడు నా పేరు తనతోనే తీసుకుపోయాడు. కానీ అతను దాచిపెట్టిన దాని వెనక నేను నక్కి కూర్చోవడం ఆ క్షణంలో నాకు భరించరానిదిగా అనిపించింది.

"నేనే సెల్లెమ్మా. ఆ మర తిప్పింది నేనే."

ఆమె ముఖం విప్పారింది. "అయితే ఆ ఉద్యోగం మీ ధర్మమా అనే వచ్చిందన్నమాట. సెలక్షన్ ముందు పడుకోబట్టే గెలిచేనని ఎన్నిసార్లు సెప్పేరో. మీరేనా పడుకోబెట్టింది?"

ఆ మెచ్చుకోలు ఎంత తియ్యగా ఉందో ఏమని చెప్పను. అతని ఇంట్లో, అతని భార్య నోట, అతను గెలిచింది నా వల్లేనని వినడం. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు.

"కాదు" అన్నాను. "ఆడు ఓడిపోవాలని తిప్పేను. ఎత్తడం మానేత్తే ఓడిపోతాడనుకున్నాను."

ఆమె కాటా మీదకి వంగింది. కొంగుతో కాటా అద్దం మీద దుమ్ము తుడిచింది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"అందుకా ఆ మాట అన్నారు. ఒకపాలి అడిగేను, కాటా తప్పని తెలిసీ ఎందుకు ఇంటికొచ్చి పడుకున్నారని. ప్లేటు తగిలించి సూసుకున్నారంట, ఆ రోజే తెలిసిపోయిందంట. సెలక్షన్ బెంగతో నేనూ రెండు పూటలా ఎత్తేద్దామనుకున్నానే అన్నారు. నన్ను సూసి ఇంతలా బెంగెట్టుకున్నోడు ఒకడున్నాడని తెలిసేక నా బెంగ పోయింది, హాయిగా పడుకున్నాను అన్నారు." గ్లాసు నా వైపు జరిపి, "టీ సల్లారిపోతంది, తాగండి" అంది.

తాగాను. వెళ్ళడానికి లేస్తే ఆమె కాటాని కొక్కెం నుంచి విప్పి నా చేతికిచ్చింది. ఈ ఇంట్లో ఇంక ఎవరూ లాగరు, పట్టుకెళ్ళండన్నయ్యా అంది. తప్పు చూపిస్తుంది కదా, ఆయన రోజూ ఆ ఆరూ కలుపుకుని చూసుకునేవాడా అని అడిగాను. ఎప్పుడూ కలపలేదంది. ముల్లు ఎంత చూపిస్తే అంతేనట.

ఇప్పుడది మా పెరట్లో ఉంది. ఆ ఎర్ర పెయింటు గీకి మర సరిచేద్దామని స్క్రూడ్రైవర్ రెండుసార్లు తీసి, రెండుసార్లూ మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. నిన్న పొద్దున చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టకుండా, ఆరు అంకెలు లెక్కపెడుతూ లాగాను. డెబ్బై ఎనిమిది చూపించింది.

ఆరు కలిపితే ఎనభై నాలుగు. నేను కలిపాను.